ఒక్క కొమ్ముదీర్ఘం

మంగళవారం సాయంత్రం బొల్లాపల్లి రోడ్డు మీద ఆంజనేయులును లారీ గుద్దింది. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండోసారి వెనక్కొచ్చి మరీ గుద్దింది. ఊళ్ళో అందరికీ అతను కాలేజీ లెక్చరర్. ఢిల్లీలో ఒక గదిలో మాత్రం ఏజెంట్ నైన్. ప్రాణం పోయేముందు సీక్రెట్ ఫోన్లో మూడు మాటలు టైప్ చేశాడు.

మర్నాడు ఆ మూడు మాటలూ అదే గదికి పనిచేసే కోటేశ్వర్‌కి ఇలా అందాయి: "మందు కోరారు. పదకొండుకి."

చీఫ్ ఫోన్లోనే బ్రీఫింగ్ ముగించాడు. నరసరావుపేటలో ఒక ప్రైవేటు కాలేజీ, ఒక విదేశీ యూనివర్సిటీ కలిసి పబ్లిక్ అఫైర్స్ కోర్సు పెడుతున్నాయి. శుక్రవారం ఎంఓయూ సంతకాలు. ఫీల్డ్‌వర్క్ పేరుతో ఏడాదిగా పల్లెల్లో సర్వే నడుస్తోంది: ఏ ఊళ్ళో ఎవరికి ఎవరితో పడదు, ఎవరు పోతే ఎవరు కత్తి తీస్తారు. అసలు ఆ యూనివర్సిటీ ఉన్నది వెబ్‌సైట్లోనే. వెనకున్నది ఫారిన్ రింగ్. ఒక్క నిప్పురవ్వతో జిల్లాను తగలబెట్టొచ్చా అన్నది వాళ్ళ పైలట్ ప్రాజెక్ట్. ఇక్కడ పాసైతే ఇంకెక్కడైనా చేస్తారు.

"కోడ్ వర్డ్ సున్నం. ఆ మాట వినబడితే మనవాళ్ళు గేట్లు మూసేస్తారు."

"ఆంజనేయులు మెసేజ్ సంగతి?"

"గెస్టులు డ్రింక్స్ కోరారట. మెసేజ్ చూసి ఉష కన్‌ఫర్మ్ చేసింది. వదిలెయ్."

కోటేశ్వర్ వదల్లేదు. ఒరిజినల్ పంపమని అడిగాడు. సర్కారీ దస్త్రం కదా, అది తన తీరిక చూసుకుని కదిలింది.

డాక్టర్ ఉష ఆ కోర్సు డైరెక్టర్. రింగ్‌లో ఉంటూ మనకు కబుర్లు చేరవేసే మనిషి. మంగళగిరి చీరా నల్లకళ్ళద్దాలతో ఆమె నడిచొస్తే ప్రిన్సిపాల్ కూడా లేచి నిలబడేవాడు. మొదటిరోజే కోటేశ్వర్‌తో, తనదీ గురజాల క్వారీ కూలీ ఇల్లేనని చెప్పింది. రాళ్ళు కొట్టినవాడి కొడుకు ఆ ఒక్క మాటకే కరిగిపోయాడు. ఆమె అడిగిందని చెల్లెలు దుర్గను కూడా ఒప్పించాడు.

దుర్గ మొగుణ్ణి ఆరేళ్ళ కిందట ఊరి గొడవల్లో నరికారు. నరికించింది ఎదుటి పార్టీ పెద్ద పుల్లారావని ఊరంతా అంటుంది, కోర్టు మాత్రం అనలేదు. ఆ ఇద్దరూ ఒకే స్టేజీ మీద జ్యోతి వెలిగిస్తే అది పీస్ కేస్ స్టడీ అవుతుందని ఉష చెప్పింది.

శుక్రవారం కోటేశ్వర్ మైక్ సెట్ వాడి వేషంలో ఉన్నాడు. ఆంప్లిఫయర్ పెట్టెలో జామర్ దాచాడు. రిమోట్ బాంబు ఏదున్నా దాని నోరు కట్టేసే యంత్రం అది.

దుర్గ స్టేజీ మెట్ల దగ్గర ఆగిపోయింది. "అన్నా, ఆడి పక్కన నిలబడాలంటే నాకు కాళ్ళు సాగట్లా. నువ్వు చెప్పావని వచ్చా."

"నేనున్నాగా, పో" అన్నాడు కోటేశ్వర్.

పదకొండుకి రెండు నిమిషాలుందనగా, జామర్ ఆన్ చెయ్యబోతుండగా, ఫోన్లో ఒరిజినల్ దిగింది. ఆంజనేయులు రాసింది "కోరారు" కాదు, "కూరారు". కింద ఉష నోట్: టైపింగ్ తప్పు, కోరారు అని చదువుకోవాలి.

కోటేశ్వర్ ఆ మాట రెండోసారి చదివాడు. మందు తాగేవాళ్ళు తాగుతారు, పత్తికి కొట్టేవాళ్ళు కొడతారు, రోగమొస్తే మింగుతారు. కూరేది క్వారీలోనే, పేల్చబోయే రాతి బెజ్జంలో. మందు కూరుతూనే వాళ్ళ నాన్న మూడు వేళ్ళు పోగొట్టుకున్నాడు. ఆంజనేయులుదీ క్వారీ ఇల్లే. ఆ మాట అతను తప్పు రాయడు. నిజంగా క్వారీ ఇంట్లో పుట్టిన ఆడపిల్ల దాన్ని తప్పని కొట్టెయ్యదు. తెలిసి కొట్టేసినా, తెలియక కొట్టేసినా, ఉష చెప్పింది అబద్ధమే.

ఎందులో కూరారు? స్టేజీ మీద ఆ యూనివర్సిటీ కానుకగా పంపిన వస్తువు ఒక్కటే ఉంది, నిలువెత్తు ఇత్తడి దీపపు సెమ్మె. పేలుడు నాటుబాంబులా కనబడాలి, దుర్గా పుల్లారావూ పోవాలి, రెండు పార్టీలూ ఒకరినొకరు నరుక్కోవాలి. అందుకే రిమోట్ పెట్టలేదు. వత్తికి జామర్ ఏం చేస్తుంది?

ఉష అప్పటికే మొదటి వత్తి వెలిగించి, కొవ్వొత్తి పుల్లారావుకిచ్చి, ఫోనొచ్చిందంటూ మెట్లు దిగుతోంది. పుల్లారావు రెండోది వెలిగించాడు. దుర్గ మూడోది వెలిగించింది. తర్వాత నాలుగోది. ఐదో వత్తి నూనె పీల్చకుండా, క్వారీలో మందుకు పెట్టే వత్తిలా బిర్రుగా నిలబడి ఉంది.

"సున్నం, సున్నం, మైక్ టెస్టింగ్!" అని అరిచి కోటేశ్వర్ స్టేజీ మీదికి దూకాడు. అప్పటికే దుర్గ చేతి కొవ్వొత్తి తగిలి ఐదో వత్తి సుయ్యిమంది. అంటుకున్న వత్తికి భయపడి పారిపోయేవాడే ముందు చస్తాడని నాన్న చెప్పేవాడు. కోటేశ్వర్ పారిపోలేదు. మండుతున్నదాన్ని పిడికిట పట్టి పీకేశాడు. అరచేతి తోలు దానితోపాటే ఊడొచ్చింది.

గేటు దగ్గర పూలమ్మే వేషంలో ఉన్న ఎస్సై హజ్రా బీ ఉష చేతులకు బేడీలు వేసింది. ఉష కళ్ళద్దాలైనా తియ్యలేదు.

దుర్గ సెమ్మెను చూసింది, అన్న చేతిని చూసింది. "నన్ను పిలిచింది నువ్వే కదన్నా" అంది. ఆమె ఒక్కతే బస్టాండుకు నడిచిపోయింది.

ఆ సాయంత్రం ఎడమచేత్తో రిపోర్టు రాశాడు: "ఆంజనేయులు రాసింది సరైన తెలుగు. తప్పు దిద్దినవాళ్ళది."

పదో రోజున ఢిల్లీ నుంచి జవాబొచ్చింది. పై వాక్యానికి ఇంగ్లీషు అనువాదం మూడు కాపీలు పంపగలరు.