వేషం వేసిన సంఖ్య

సీక్రెట్ ఏజెంట్ తుమ్మెదకు అన్నిటికన్నా పెద్ద భయం, తన పాప ఊపిరి ఆగిపోవడం. పాప పిల్లల వార్డులో ఆక్సిజన్ మీద ఉంది. పక్కన అత్తగారు కూర్చునే ఉన్నారు. అయినా తుమ్మెదకు కాలు ఒకచోట నిలవడం లేదు.

అదే పొద్దున సీక్రెట్ సర్వీస్ చీఫ్ పెద్దాయన కబురు పెట్టాడు. పన్నెండు గంటలకు ఆసుపత్రులన్నిటి ఆక్సిజన్ కంట్రోల్‌కు కొత్త డిజిటల్ తాళం పడుతుందట. ఆ తాళానికి ప్రాణం మూడు వందల అంకెల ప్రధాన సంఖ్య. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితో భాగించినా తెగదు. దాన్ని తీసేసి, తెగే సంఖ్యను పెట్టిందట ఓ విదేశీ ముఠా. అది ఏ ముక్కలుగా తెగుతుందో వాళ్ళకు తెలుసు. ఇక గాలి వదలడమూ, బిగించడమూ వాళ్ళ ఇష్టం.

"పాప అక్కడే ఉంది సార్."

"తెలుసమ్మా. అందుకే నిన్ను పిలిచాను."

తుమ్మెద బకెట్టు, మాపు పట్టుకుని కంట్రోల్ రూమ్‌లో దూరింది. లోపల నెమలి తిరుగుతోంది. ఎర్ర కోటు, ఎత్తు మడమల చెప్పులు, నవ్విందంటే ఇంజినీర్లు సొంత పాస్‌వర్డ్ మరిచిపోవాల్సిందే. మన ఉప్పూ వాళ్ళ ఉప్పూ కలిపి తింటున్న డబుల్ ఏజెంట్.

స్క్రీన్ మీద సంఖ్య, పక్కన పచ్చ లైటు. ప్రధాన సంఖ్యేనా అని ఎన్నిసార్లు టెస్ట్ చేసినా నెగ్గిందనీ, ఏళ్ళ తరబడి తాము చేసేది ఆ ఒక్క టెస్టేననీ ఇంజినీరు ఎవరితోనో ఫోన్లో గొప్పగా చెబుతున్నాడు. ఆ టెస్టును బోల్తా కొట్టించే సంఖ్యలున్నాయని ట్రైనింగ్‌లో చెప్పారు. లోపల ముక్కలై ఉండి కూడా పైకి ప్రధాన సంఖ్యల్లాగే నటిస్తాయి. పట్టుకోవాలంటే ఇంకో దారి ఉంది. అసలైన ప్రధాన సంఖ్యకన్నా చిన్నవాటిలో, తనను తనతోనే గుణించి ఆ ప్రధాన సంఖ్యతో భాగిస్తే ఒకటి మిగిల్చేవి రెండే: ఒకటి, ఆ సంఖ్యకు ఒకటి తక్కువది. మూడోది దొరికిందా, అది దొంగే.

ఇంజినీరు ఫోన్లో మాట్లాడుతూ బయటికి వెళ్ళగానే, జ్వరం చూసే థర్మామీటర్‌లో దాచిన కంప్యూటర్ తీసి, కేబుల్‌కు తగిలించింది. వీపుకు చల్లగా పిస్టల్ ఆనింది.

"ఎవరికి చెల్లీ జ్వరం?" అంది నెమలి.

"నీ సంఖ్యకక్కా."

స్క్రీన్ మీద మూడోది మెరిసింది. నెమలి చూపు అటు తిరిగిన ఆ కాస్తలో తుమ్మెద బకెట్టు తన్నింది. సబ్బునీళ్ళలో ఎత్తు మడమలు జర్రున జారాయి. నెమలి చేతిని సర్వర్ రాక్‌కు బేడీతో బిగించి, తుమ్మెద ఎర్ర బటన్ మీద అరచెయ్యి వేసేసరికి గడియారం పన్నెండుకు ఒక్క క్షణం దూరంలో ఉంది. కొత్త తాళం రద్దయింది.

అత్తగారికి ఫోన్ చేస్తే, పాప పాలు తాగి పడుకుందనీ, గట్టిగా మాట్లాడవద్దనీ కసిరారు. తుమ్మెద ఆసుపత్రికి పరుగో పరుగు. బేడీ తాళంచెవి కూడా ఆమె జేబులోనే వెళ్ళిపోయింది.

సర్వర్లున్న ఆ కంట్రోల్ రూమ్‌లో ఎముకలు కొరికే చలి. మీలో ఎవరైనా అటువైపు వెళ్తే, నెమలి ఎలా ఉందో కాస్త చూసి రండి. ఎంత శత్రువైనా, ఆవిడకూ ఒక అమ్మ ఉండే ఉంటుంది.