మూడో పీపా

2006 సెప్టెంబర్ 14, గురువారం. మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి మౌలాలిలోని ఒక గ్రాఫైట్ షెడ్డులో కెమిస్టు దేవానందం కుప్పకూలాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. డాక్టరు గుండెపోటు అని రాశాడు.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి ఆయన భార్య ఆలిస్ మారేడ్‌పల్లిలో ప్రైవేట్ డిటెక్టివ్ వరహాలు ఆఫీసుకి వచ్చింది. కూర్చోకుండానే ఒక కళ్ళజోడు బల్లమీద పెట్టింది.

"ఇది ఆయనది. ఎంత తుడిచినా మసక పోవడం లేదు. నాలుగింటికి సమాధి. కుడి చెయ్యి తెల్లగా పాలిపోయి ఉబ్బింది, ఎందుకలా ఉందంటే మావాళ్ళెవరూ మాట్లాడరు. పూడ్చేశాక ఇంక నాకెవరు చెప్తారండీ?"

సహాయకురాలు పూజిత అద్దాన్ని గోటితో గీకింది. అది పైన అంటిన మరక కాదు, అద్దమే గరుకెక్కిందని చెప్పింది. వరహాలు తలూపి గొడుగు అందుకున్నాడు. మూడేళ్ళుగా పనిచేస్తున్నా, ఆయన తలూపితే పూజితకి ఇప్పటికీ పరీక్ష పాసైనట్టే ఉంటుంది.

గని నుంచి వచ్చిన గ్రాఫైట్ పొడిని సెల్‌ఫోన్ బ్యాటరీలకు పనికొచ్చేలా శుద్ధి చేయడం ఆ షెడ్డు పని. పొడిని కాస్టిక్ సోడాతో కలిపి బట్టీలో కాలిస్తే అందులోని ఇసుక కరిగే రూపానికి వస్తుందనీ, తర్వాత నీళ్ళతో, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో కడిగేస్తామనీ యజమాని అమ్మిరాజు వివరించాడు. 98 శాతం దాటని శుద్ధి పోయిన వారం 99.95కి చేరింది. సోమవారం బ్యాటరీ కంపెనీవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. తాను పదిరోజులు విశాఖలో ఉన్నానన్నాడు. షెడ్డు చూసుకున్నది సూపర్‌వైజర్ సూరి.

సూరి చెప్పింది తక్కువ. పదింటికి దేవానందం చేతిమీద యాసిడ్ చిందింది, కడుక్కున్నాడు, మూడు గంటల తర్వాత పడిపోయాడు.

పొడి కడిగే రోసమ్మని వరహాలు బట్టీ గురించి అడిగాడు.

"బట్టీ ఏడ అంటించిన్రు సార్? పది దినాల సంది సల్లగనే ఉంది. మూడో పీపా యాసిడ్ సూరి సార్ ఒక్కడే వంపుతడు, మోచేతుల దాంక తొడుగులేసుకొని. దేవానందం సార్‌కు ఆ శుద్ధి లెక్క మీద నమ్మకం కుదరలే. నిన్న తనే వచ్చి ఆ పీపా యాసిడ్‌తోటి పొడి కడిగిండు."

మూడో పీపా మీద హైడ్రోక్లోరిక్ అన్న కాగితం ఉంది. వరహాలు పూజితని ఏ.ఎస్. రావు నగర్‌లో సూరి ఇంటి దగ్గరి మందుల షాపులకు పంపాడు.

రెండున్నరకి అందరినీ షెడ్డులో కూర్చోబెట్టాడు. ఆలిస్, ఎస్సై కూడా వచ్చారు. వరహాలు మొదలుపెట్టాడు.

"బట్టీ వెలిగించకుండా ఇసుక పోవాలంటే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ కావాలి. అది గాజునీ తింటుంది. కళ్ళజోడు అందుకే గరుకెక్కింది. పీపా మీద హైడ్రోక్లోరిక్ అని ఉంది కాబట్టి దేవానందం గారు మామూలు యాసిడే అనుకుని, నీళ్ళతో కడుక్కుని పని కానిచ్చారు. ఈ యాసిడ్ చర్మం దాటి రక్తంలో కాల్షియాన్ని లాగేస్తుంది. గుండె ఆగుతుంది."

సప్లయర్ పంపిందే వంపానని, తనకేమీ తెలియదని సూరి అన్నాడు. పూజిత ఒక బిల్లు అతని ముందు పెట్టింది. సెప్టెంబర్ 4న సూరి పేరు మీద ప్రత్యేకంగా తెప్పించిన కాల్షియం జెల్. ఆ యాసిడ్ పడితే వెంటనే రాయాల్సిన మందు.

"నొప్పి ఆగుతలేదని పదకొండింటికి నీ దగ్గరికే వచ్చిండు గద సార్," అంది రోసమ్మ. "ఏం గాదు, నీళ్ళు పోసుకో అన్నవ్."

సూరి అమ్మిరాజు వైపు చూశాడు.

"మందిస్తే పీపాలో ఏముందో చెప్పాల్సొచ్చేది. సోమవారం దాకా గడిస్తే చాలనుకున్నాను."

మూడూ పదికి ఆలిస్ పోస్ట్‌మార్టం కాగితం మీద సంతకం పెట్టింది. సమాధి ప్రార్థన ఆగింది. ఎస్సై సూరి బల్ల సొరుగు తెరిపించాడు. జెల్ ట్యూబు అందులోనే ఉంది. సీలు విప్పలేదు.