తొట్టి పక్కన మేకు

బ్రాడీపేట లాయరు వెంకటనారాయణ వాదించిన కేసుల్లో ఏ పనివాడూ పని వల్ల చచ్చిపోలేదు. పొగాకు కాల్చే బ్యారన్ మీంచి పడ్డవాడు తాగి పడ్డాడు. మిరపకాయల గోడౌనులో ఊపిరాడక పోయినవాడికి ముందునుంచే ఉబ్బసం. చెయ్యి పోగొట్టుకున్నవాడైతే అసలు ఆ మిల్లు మనిషే కాడు. ఎవరైనా నష్టపరిహారం కేసు వేశారంటే చాలు, యజమానులు నేరుగా ఆయన మెట్లెక్కేవాళ్ళు. చచ్చినవాడు లేచొచ్చి సాక్ష్యం చెప్తాడా ఏమిటి అని ఆయనకి గొప్ప ధైర్యం.

ఎనభై నాలుగులో, ప్రత్తిపాడు రోడ్డు మీదున్న ఒక జిన్నింగు మిల్లులో ఆ ధైర్యానికి నూకలు చెల్లాయి.

ఆ మిల్లులో దూది బేళ్ళు కట్టే ప్రెస్సు పాతకాలంది. మనిషి నిలువుకి మించిన లోతు చెక్కతొట్టి. పైనుంచి దూది పోస్తుంటే ఒకడు లోపల దిగి కాళ్ళతో తొక్కుతాడు. తొట్టి నిండి అతను పైకొచ్చాక మేస్త్రీ మెషీను వేస్తాడు, ఇనప పలక దిగి దూదిని నొక్కేస్తుంది. గాల్లో ఎగిరే దూదిలో లోపలున్నవాడు కనపడడు. మెషీన్ల రొదలో వాడి కేక వినపడదు. అందుకని అక్కడ ఒక కట్టుబాటు ఉంది. దిగేవాడు తన తువ్వాలు తొట్టి పక్క స్తంభానికున్న మేకుకి తగిలించి దిగాలి, పైకొచ్చాక తీసుకోవాలి. మేకుకి గుడ్డ ఉందంటే లోపల మనిషి ఉన్నట్టే.

ఆ రోజు తొక్కే వంతు వచ్చిన జక్రయ్య తువ్వాలు తగిలించే దిగాడు. మేస్త్రీ అంకయ్య మేకు వైపు చూడకుండానే మెషీను వేశాడు.

కబురందుకుని వెంకటనారాయణ మిల్లులో అడుగుపెట్టేసరికి పోలీసు జీపు గేటు దగ్గరికొచ్చేసింది. తువ్వాలు ఇంకా మేకుకే వేలాడుతోంది. మూల మీద ఎర్రదారంతో ‘జ’ అని కుట్టి ఉంది. ఆయన దాన్ని లాగి తొట్టి పలకల సందులోకి దోపాడు. అది అడుక్కంటా జారిపోయింది. పీడా పోయిందనుకున్నాడు.

కొన్ని నెలలకి జరిగిన విచారణలో అంకయ్య నేర్పిన మాట నేర్పినట్టు చెప్పాడు. "మేకుకి ఏమీ లేదండి."

జక్రయ్య పెళ్ళాం ప్రేమమ్మ మాత్రం బోనులో నిలబడి ఒక్కటే పట్టుకుంది. "నేనే ఉతికి భుజాన వేసి పంపానయ్యా. మేకుకి లేదంటున్నారే, మరి నా మొగుడి తువ్వాలు ఏదయ్యా?"

"దానికి ఇంకో కేసు వేద్దువుగానిలేమ్మా," అన్నాడు వెంకటనారాయణ. అక్కడున్నవాళ్ళు నవ్వారు. లేబరు కమిషనరు నవ్వలేదు. మిల్లుకొచ్చి ఆ తొట్టిని అడుగుదాకా వెతికిస్తానన్నాడు.

ఆ రావడం రేపే. తువ్వాలు దొరికితే కేసు పోవడం ఒక్కటే కాదు, సాక్ష్యం మాయం చేసినందుకు ఒంటి మీది నల్లకోటు పోతుంది, ఆనక జైలు. యజమానిని బతిమాలాడు, మేస్త్రీని బతిమాలాడు. ఆ తొట్టిలోకి మేం దిగం, దాచినవారు మీరే తీసుకోండి అన్నారిద్దరూ. తేలు కుట్టిన దొంగలా ఇంకెవరికీ చెప్పుకోలేక, పొద్దు వాలుతుండగా ఆయనే బయల్దేరాడు. ఎవరి కంటా పడకుండా స్కూటరు రోడ్డవతల తుమ్మచెట్ల చాటున పెట్టాడు. కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకి గొంతు మండుతోంది.

జక్రయ్య పోయిన దగ్గర్నుంచీ మిల్లు మూతే. కరెంటు కూడా పీకేశారు. వాచ్‌మన్ ఇమాం హుస్సేన్ తాళం తీసి, గడప ఇవతలే ఆగిపోయాడు.

"తొట్టిలోకి దిగుతారా బాబూ?"

"ఒక్క నిమిషం. చూసి వచ్చేస్తా."

"మేకుకి ఏదైనా తగిలించి దిగండి. ఊరికే దిగొద్దు."

"మిల్లే నడవడం లేదు, ఇంకా మేకేమిటయ్యా?"

ముసలాయన లాంతరు వెలిగించుకున్నాడు. గేటు వైపు వెళ్ళిపోయాడు.

లోపల చీకటి చిక్కగా ఉంది. పత్తిగింజల ముక్క వాసన, పాత గ్రీజు వాసన. రేకుల కప్పు ఎండ దిగి చల్లబడుతూ టక్... టక్... మంటోంది. ఎవరూ చూడటం లేదు కదా అని వెంకటనారాయణ కోటు విప్పి మేకుకి తగిలించాడు. భయం కాదు, ఉక్కపోత అని తనకి తనే చెప్పుకున్నాడు. టార్చి పట్టుకుని నిచ్చెన దిగాడు.

అడుగున మోకాలి లోతు దూది. వంగి, పలకల సందులో చెయ్యి పెట్టి వెతికాడు. వేళ్ళకి గుడ్డ తగిలింది. లాగాడు.

తువ్వాలు తడిగా ఉంది.

అన్ని నెలల తర్వాత... తడిగా, వెచ్చగా. అప్పుడే భుజం మీంచి తీసినట్టు చెమట వాసన.

వెనక ధబ్‌మని చప్పుడైంది. మళ్ళీ... ధబ్. దూది తొక్కుతున్న చప్పుడు. గిరుక్కున తిరిగి టార్చి వేశాడు. ఎవరూ లేరు. దూది మాత్రం ఒకచోట గుంటపడి ఉంది.

ఆయన నిచ్చెన కోసం చెయ్యి చాపాడు. నిచ్చెన లేదు.

తల పైకెత్తాడు. స్తంభం, మేకు, దానికి తన కోటు... ఆ కోటు మీదికి ఒక చెయ్యి వచ్చింది. మోచేతి దాకా దూది అంటుకున్న చెయ్యి. తాపీగా కోటు తీసుకుంది.

"ఎవరది? హుస్సేన్... నువ్వేనా?"

పైన ఎవరో గుసగుసగా అడిగారు. "మేకుకి ఏమైనా ఉందా?"

ఇంకెవరో జవాబిచ్చారు. "ఏమీ లేదండి."

ఆ గొంతు తనదే.

అప్పుడు మెషీన్లు కదిలాయి. కరెంటు లేదు... అయినా మిల్లంతా రొద. పైనుంచి దూది కురవడం మొదలైంది. తల మీద, భుజాల మీద, నోట్లో. వెంకటనారాయణ పలకలు పట్టుకుని ఎగబాకాడు. గోళ్ళు విరిగాయి. జారిపడ్డాడు. అంతలో పైన లాంతరు వెలుగు కనిపించింది. ఇమాం హుస్సేన్!

"లాయరు గారూ..."

"ఇక్కడ! లోపల ఉన్నా! హుస్సేన్, లోపల ఉన్నానయ్యా!"

గొంతు చించుకున్నాడు. ఆ రొదలో తన కేక తనకే వినపడలేదు. ముసలాయన మాట మాత్రం చెవిలో చెప్పినట్టు వినిపించింది. "కోటు లేదు. వెళ్ళిపోయినట్టున్నారు."

తువ్వాలు... చేతిలో తువ్వాలుంది! ఉండచుట్టి మేకు మీదికి విసిరాడు. పడిపోయింది. మళ్ళీ విసిరాడు. ఏడుస్తూ విసిరాడు. దేవుడా, తగులుకో... తగులుకో...

తగులుకుంది.

లాంతరు వెలుగు అప్పటికే తలుపు దాటిపోయింది. తాళం పడిన చప్పుడు. పైన ఇనప పలక కిర్రుమంది. చీకట్లో ఆయన పక్కనే నిలబడి ఎవరో తొక్కుతున్నారు. ధబ్... ధబ్...

మర్నాడు పొద్దున్నే కమిషనరు వచ్చాడు. వెంట ప్రేమమ్మ, యజమాని, మేస్త్రీ అంకయ్య. లాయరు గారి కోసం కాసేపు చూసి, ఇక తాళం తీయించారు.

మేకుకి తువ్వాలు వేలాడుతోంది.

ప్రేమమ్మ పరుగెత్తింది. తువ్వాలు అందుకుని, మూల తిప్పి ఎర్ర అక్షరం తడుముకుంది. మొహానికి అదుముకుని బావురుమంది. "చెప్పాను కదయ్యా... తగిలించే దిగాడు. నా మొగుడు తగిలించే దిగాడు."

అంకయ్య అక్కడికక్కడే కూలబడి కమిషనరు కాళ్ళు పట్టుకున్నాడు. "ఉందండీ. ఆ రోజు మేకుకి తువ్వాలుంది. నేనే చూడలేదు. లేదని లాయరు గారు చెప్పించారు." ఆ మాటతో కేసు తేలిపోయింది.

కమిషనరు తొట్టిలోకి టార్చి వేసి చూశాడు. మనిషి లేడు, నిచ్చెన ఉన్నచోటే ఉంది. ఇనప పలక తుప్పు రాలకుండా పైనే ఉంది. అడుగున మోకాలి లోతు దూది, అంతే. యజమాని ఊపిరి పీల్చుకుని, "ఇక ఆ మెషీను ఒకసారి తిప్పి చూపించమంటారా? కరెంటు ఇప్పిస్తాను," అన్నాడు.

"వద్దు!"

అంకయ్య అరిచాడు. వాడి చూపు మేకు మీదుంది. ప్రేమమ్మ తువ్వాలు తీసిన చోట, దాని కింద, ఒక నల్లకోటు వేలాడుతోంది.

"ఎవరూ ముట్టుకోకండి. లోపల మనిషున్నాడు."

అందరూ మళ్ళీ తొట్టిలోకి వంగి చూశారు. ఎవరూ లేరు. అడుగున దూది మాత్రం ఒకచోట మెల్లగా అణిగింది. బూటు కాలంత మేర. తర్వాత ఆ పక్కనే ఇంకొకటి...