చలివేంద్రం లేని కట్ట

ఆ ఉదయం వకుళ ఇంటి ఓనరుతో మూడు విడతలుగా దెబ్బలాడింది. మొదట మెత్తగా అడిగింది, తర్వాత గట్టిగా అడిగింది, చివరికి ఇల్లు ఖాళీ చేసి పోతానని బెదిరించింది. ఆ దెబ్బకి ఓనరు దిగివచ్చి మోటారు బాగు చేయిస్తానని ఒప్పుకున్నాడు. అసలు ఓనరుకి ఇవేవీ తెలియవు. ఆయన పటమటలో తన ఇంట్లో తాపీగా కాఫీ తాగుతూ ఉండి ఉంటాడు. వకుళ దెబ్బలాడింది ఆయన నీడతో. ఇక అసలు మనిషికి ఫోన్ చేసి ఆ చివరి మాటతోనే మొదలుపెడితే సరిపోతుంది.

ప్రభుత్వ కాగితాల్లో దాని పేరు అనుచ్ఛాయ. జనం నోట్లో అది నీడగానే నిలిచిపోయింది. ఒక మనిషి ఏళ్ళ తరబడి మాట్లాడిన మాటలు, చేసిన నిర్ణయాలు, కొన్న సరుకులు, పడ్డ కోపాలు అన్నీ వడగట్టి, ఏ మాటకి ఆ మనిషి ఏమంటాడో చెప్పే ప్రతిరూపాన్ని తయారు చేస్తారు. ప్రతి ఇంట్లోనూ ఒక నీడబల్ల ఉంటుంది. దానిమీద చెయ్యి ఆనించి పేరు చెబితే ఆ మనిషి నీడ వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. పెళ్ళిచూపుల దగ్గర్నుంచి కూరగాయల బేరం దాకా ఏదైనా సరే, ముందు నీడ దగ్గర ఓ చెయ్యి చూసుకున్నాకే జనం మనిషి దగ్గరికి వెళుతున్నారు.

నీడతో అన్న మాట అసలు మనిషికి చేరకూడదని చట్టం. బల్ల ఆరిపోగానే జరిగిందంతా నీడ కూడా మరచిపోతుంది. ఆ చట్టమే లేకపోతే ఈపాటికి రాష్ట్రంలో సగం కాపురాలు వీధిన పడి ఉండేవి.

ఓనరు సంగతి తేల్చుకుని వకుళ అసలు పనిలోకి దిగింది. కార్డుల పెట్టె తెరిచి తన కట్టను బల్లమీద వరసలుగా పరిచింది. ఎల్లుండే ఏడుకోటల ఆట ఆఖరి పోటీ.

ఏడుకోటలు ఆడటం కంటే దానికి కట్ట కూర్చుకోవడం కష్టం. వేల కార్డుల్లోంచి నలభై ఏరుకోవాలి. ఏనుగును పెడితే గుర్రాన్ని తీయాలి, కందకం కావాలంటే వేగువాణ్ణి వదులుకోవాలి. బల్ల ముందు కూర్చునేసరికే గెలుపోటములు సగానికి పైగా తేలిపోయి ఉంటాయి. నీడలు వచ్చాక ఈ విద్య మరీ ముదిరింది. ఎదుటివాడి నీడను కూర్చోబెట్టుకుని, కార్డు మార్చినప్పుడల్లా మళ్ళీ ఆడి చూసుకుంటూ, అతని అలవాట్లకు సరిగ్గా సరిపోయే కట్టను చెక్కుతారు. ఏడాదికోసారి జరిగే చేతాట పోటీలో మాత్రం నీడలుండవు. మనిషి ఎదుట మనిషి కూర్చుని అట్టకార్డులు చేత్తో పట్టుకుని ఆడాలి. ఎవరి కట్టలో ఏముందో చివరిదాకా రహస్యం.

ఈసారి చేతాట ఆఖరి పోటీలో వకుళ ఎదుట కూర్చోబోయేది సుభానీ.

సుభానీకి చీరాలలో బట్టల కొట్టుంది. వకుళ అక్కడ ఇంటర్ చదివే రోజుల్లో ఆ కొట్టు వెనక గదిలోనే ఆమెకు ఆట నేర్పాడు. ఆయన భార్య మెహరున్నీసా ఇద్దరికీ టీ ఇచ్చి, ఆడింది చాల్లెండని కసురుతూ, తనూ పక్కనే కూర్చుని చూస్తుండేది. వకుళకు వాళ్ళు అన్నయ్యా వదినలయ్యారు. సుభానీ మెచ్చుకోవడమంటే మాటలు కాదు. నిజంగా బాగున్న కట్ట కనిపిస్తే మాత్రం, కట్టావమ్మా కట్ట అనేవాడు. వేరేవాళ్ళతో అనగా విన్నది వకుళ. తనతో ఒక్కసారీ అనలేదు. అసలు ఎదురుగా కూర్చుని ఆడి ఆయన్ని ఒక్కసారీ ఓడించనూ లేదు. ఆయన నీడ ఓడి ఆ మాట ఎన్నోసార్లు అంది గానీ, నీడ అంటే ఏం లాభం. ఆయన నోటివెంట వినాలి. ఇన్నేళ్ళుగా ఆమె కార్డులు పట్టుకుని తంటాలు పడుతున్నది దానికోసమే.

సుభానీ కట్టలో ఒకే ఒక్క లోపముంది. అది ఆట తెలిసిన వాళ్ళందరికీ తెలుసు. దాని పేరు చలివేంద్రం. తాటాకు పందిరి కింద మంచినీళ్ళ కుండలున్న బొమ్మ. దాన్ని వేస్తే నీ సైన్యంలో అలసిన బంటు ఒకడు లేస్తాడు, శత్రువు సైన్యంలోనూ ఒకడు లేస్తాడు. బుద్ధున్నవాడెవడూ దాన్ని కట్టలో పెట్టుకోడు. ఒకరోజు మెహరున్నీసా పరిచిన కార్డులు చూసి, ఇంతమంది కొట్టుకు చస్తున్నారు, ఒక్కడికైనా మంచినీళ్ళిచ్చే దిక్కు లేదా అని నవ్వి, ఆ కార్డు తీసి మొగుడి కట్టలో దూర్చింది. అంతే, మళ్ళీ దాన్ని ఆయన తీయలేదు. పోనీ ఆడేవాడా అంటే అదీ లేదు. చేతికొస్తే కుడిచివర పెట్టుకుని ఆట అయ్యేదాకా అలాగే ఉంచేవాడు. ఎవరైనా అడిగితే, తీసేస్తే నాకు ఇంట్లో అన్నం పుట్టదనేవాడు.

వకుళ తన కట్టను ఆ లోపం మీదే కట్టింది. ముట్టడి అని ఒక కార్డుంది. అది పడితే ఎదుటివాడు తన చేతిలో కార్డు ఒకటి ఆటలోంచి పారేయాలి. మామూలు ఆటగాడైతే పనికిరానిది చూసి పారేస్తాడు, ముట్టడి దండగవుతుంది. సుభానీ మాత్రం ఏనుగునైనా పారేస్తాడు గానీ చలివేంద్రాన్ని పారేయడు. అందుకని ఒకటి కాదు, మూడు ముట్టళ్ళు పెట్టింది. లోకంలో ఒకే ఒక్క మనిషి మీద పనిచేసే కట్ట అది.

ఇది కూర్పా, లేక ఒక మనిషి పెళ్ళాం మీద పెట్టుకున్న ప్రేమకి కన్నం వెయ్యడమా అని ఆమెకు మనసు పీకుతూనే ఉంది. పోటీ అన్నాక తప్పదని సర్దిచెప్పుకుంది.

బల్లమీద చెయ్యి ఆనించగానే సుభానీ నీడ వచ్చి కూర్చుంది. అదే గళ్ళ చొక్కా, అదే నవ్వు. ఈ నీడను కొత్త సంగతులతో దిద్దించి ఏడాది దాటిందని బల్ల అంచున ఎర్రగీత చూపిస్తోంది. ఏటేటా దిద్దించుకోమని ప్రభుత్వం మొత్తుకుంటున్నా అన్నయ్యకి బద్ధకమేనని వకుళ నవ్వుకుంది. మారని మనిషి మీద కట్ట కట్టడం తేలిక కూడాను.

ఆ రోజు కూడా ముట్టడి పడ్డప్పుడల్లా నీడ తలగోక్కుని, మంచి మంచి కార్డులు పారేసి, ఓడిపోయింది. బల్ల ఆపేముందు వకుళ అలవాటుగా, వదిన ఎలా ఉందని అడిగింది.

"దానికేం తల్లీ, నిక్షేపంలా ఉంది," అంది నీడ. "నువ్వొచ్చి ఎన్నాళ్ళయిందోనని రోజూ గొణుగుతుంది."

పోటీ అవగానే వస్తానని చెప్పమని వకుళ బల్ల ఆపేసింది. నీడ ఎవరికి చెబుతుందో ఆలోచించలేదు. చీరాల వెళ్ళి చాలా కాలమైంది. రోజూ కలుస్తున్నట్టే ఉంటే పనిగట్టుకుని బస్సెక్కేదెవరు.

పోటీ బందరు రోడ్డులో ఒక హాల్లో పెట్టారు. తొలి ఆటలు సగం గుంటూరులోనూ సగం బెజవాడలోనూ జరగడంతో ఇద్దరూ ఈ పోటీలో ఎదురుపడటం ఇదే మొదలు. సుభానీ ఆట వేళకి ఒక్క నిమిషం ముందొచ్చాడు. మనిషి సగమయ్యాడు. గడ్డం పూర్తిగా నెరిసింది. వకుళ లేచి బాగున్నావా అన్నయ్యా అంటే, ఊఁ అని తలూపి కూర్చున్నాడు. పోటీ కంగారు ఈయనకీ ఉంటుందా అనుకుందామె. ఆనవాయితీ ప్రకారం ఒకరి కట్టను ఒకరు కోసి ఇచ్చుకున్నారు. ఆట మొదలైంది.

వకుళకు మొదటి ముట్టడి తొందరగానే వచ్చింది. వేసింది. సుభానీ తలగోక్కోలేదు. చేతిలోంచి ఒక నాసిరకం బంటును తీసి పక్కన పడేశాడు. కాసేపటికి రెండోది వేసింది. దానికీ అంతే. ఆయన చేతిలో కార్డుల కుడిచివర కేసి చూసింది వకుళ. అక్కడున్న కార్డును ఆయన తీసి ఆడనే ఆడాడు. అది ఏనుగు. ఆమె నాలుగో కోట కూలింది. ఏనాడూ చూడనంత పదునుగా ఉంది ఆయన కట్ట. ఎక్కడా ఒక్క పొల్లు కార్డు లేదు.

ఆమెకు లోపల గుబులు పట్టుకుంది. చేతాటలో మాట్లాడుకోవచ్చు. అందుకని ఆటపట్టిస్తున్నట్టే అడిగింది.

"చలివేంద్రం ఇంకా చేతికి రాలేదా అన్నయ్యా?"

"కట్టలో లేదమ్మా."

"తీసేశావా? వదిన ఊరుకుందా?"

సుభానీ కార్డులు పట్టుకున్న చేతిని ఒళ్ళోకి దించాడు.

"పోయినేడు రంజానుకి ముందే పోయిందమ్మా మీ వదిన," అన్నాడు.

వకుళకు ఆ మాట అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. మొన్ననే కదా నిక్షేపంలా ఉందన్నాడు అని నాలుక చివరిదాకా వచ్చింది. అన్నదెవరో అప్పుడు తట్టింది. ఏడాదికి పైగా, పోయిన మనిషి యోగక్షేమాలు రోజూ అడుగుతూ, రోజూ బాగుందని వింటూ, తృప్తిగా బల్ల ఆపేస్తూ వచ్చింది.

ఆట మీదేనని నిర్వాహకుడు గుర్తుచేశాడు. వకుళ చేతిలోకి చూసుకుంది. అప్పుడే వచ్చిన కార్డు మూడో ముట్టడి. దాన్ని ఆ మనిషి మీద వేయడానికి చెయ్యి రాలేదు. కార్డులన్నీ బల్లమీద బోర్లించింది. ఓటమి ఒప్పుకోవడానికి అదే గుర్తు. హాలంతా గుసగుసలు లేచాయి.

నెగ్గినవాడికి ఓడినవాళ్ళ చేతిలోని కార్డులు తిప్పి చూసే హక్కుంటుంది. సుభానీ ఒక్కొక్క కార్డే తిప్పాడు. మూడో ముట్టడి దగ్గర వేలు ఆగింది.

"మూడు పెట్టావన్నమాట," అన్నాడు. "కట్టావమ్మా కట్ట. నన్ను బాగా ఎరిగినవాళ్ళు తప్ప ఇంకొకళ్ళు కట్టలేరిది."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే మెచ్చుకున్నాడు. ఇన్నేళ్ళు కాచుకున్న మాట చెవినబడి, వకుళకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

లోపల బహుమతికి బల్లలు సర్దుతుంటే ఇద్దరూ బయట మెట్లమీద కూర్చున్నారు. నాకెందుకు చెప్పలేదన్నయ్యా అని అడిగింది వకుళ. ఏడుపు ఆగటంలేదు.

చెప్పానన్నాడు సుభానీ. ఆవిడను ఖననం చేసి వచ్చిన రాత్రే వకుళకు ఫోన్ చెయ్యాలనుకున్నాడట. గొంతు పెగలదేమోనని భయమేసి, ముందు వకుళ నీడకు చెప్పి చూద్దామని బల్ల దగ్గర కూర్చున్నాడు. నీడ విని భోరుమంది. ఆవిడ చేతి టీ గురించి, కసురుళ్ళ గురించి చెప్పి చెప్పి ఏడిచి, ఆయన్ని ఓదార్చింది. అంతసేపూ మాట్లాడాక ఆయనకు గుండె బరువు దిగింది. మళ్ళీ ఫోన్ తీసి మొదటినుంచీ అంతా చెప్పుకునే ఓపిక లేకపోయింది. రేపు చెబుదామనుకున్నాడు. రేపులు గడిచేకొద్దీ, చెప్పింది నీడకా మనిషికా అన్న తేడా ఆయనకే చెరిగిపోయింది. ఈ అమ్మాయి ఒక్కసారీ రాలేదేమని కోపం కూడా వచ్చిందట.

"కొన్నాళ్ళకి కాస్త మనసు మళ్ళుతుందని మళ్ళీ నీ నీడతోనే ఆటకి కూర్చున్నా. దానికేం గుర్తుంటుంది. ముట్టడేసింది. చేతిలో ఆ కార్డుంది. నువ్వే ఏడిచి, నువ్వే దాన్ని పారేయమన్నట్టు అనిపించిందమ్మా. ఆ రోజే కట్టలోంచి తీసి జేబులో పెట్టుకున్నా."

చొక్కా జేబు తడుముకున్నాడు. నలిగిన కార్డు అంచు కనిపించింది.

నీ నీడనెందుకు దిద్దించలేదని అడిగింది వకుళ.

"దిద్దిస్తే దాన్లో కూడా చచ్చిపోతుంది కదమ్మా."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. "అమ్మ తర్వాత అమ్మలా చూసింది నన్ను. కడసారి చూపైనా దక్కలేదన్నయ్యా."

సుభానీ మెల్లగా తలూపాడు. "అలాగే అన్నావు."

"నువ్వు ఒక్కడివే ఎలా భరించావన్నయ్యా?"

"అదీ అడిగావు. ఇలాగే చెయ్యి చాపావు గానీ అందలేదు."

ఆయన ఇంకా వినని మాట కోసం వకుళ లోపల వెతుక్కుంది. పైకొస్తున్న ప్రతి మాటా అచ్చంగా తనదే, ఒక్కటీ అబద్ధం కాదు. అన్నీ ఆయన అప్పుడే విని ఉన్నాడు. హాల్లోంచి ఎవరో సుభానీ పేరు పిలుస్తున్నారు. ఆయన మోకాళ్ళమీద చేతులు ఆనించి లేవబోతుంటే, ఇక ఉండబట్టలేక అనేసింది.

"రేపు పొద్దున్నే మొదటి బస్సుకి బయల్దేరి చీరాల వస్తానన్నయ్యా."

సుభానీ లేచినవాడల్లా ఆగాడు.

"ఆ మాటా అన్నావమ్మా," అన్నాడు. "నీడ మాటని తెలుసు. తెలిసీ మర్నాడు బస్టాండుకెళ్ళాను. సాయంత్రం దాకా బెజవాడ నుంచొచ్చిన బస్సులన్నీ చూశాను."