లేసు నీడ

ఆ రోజు ఇంట్లో నలుగురే ఉన్నారు. లేసు అల్లే వీరమ్మ, విరిగిన గొడుగు బాగుచేసుకుంటున్న ఆమె భర్త లాజరు, విశాఖలో ఎమ్మెస్సీ చదివే పెద్దమ్మాయి రెబెక్కా, పదో తరగతి చదివే చిన్నమ్మాయి ఎస్తేరు. వాళ్లు కాక, చివరి గదిలో బల్ల మీద రెండు గాజు పలకల మధ్య పలచని ప్లాస్టిక్ పొర. సమ్మెతో లేబుకి తాళం పడితే, నల్ల కాగితం చుట్టి నరసాపురం దాకా ఒళ్లో పెట్టుకుని తెచ్చింది రెబెక్కా.

"ఇందులో రెండు ప్లాస్టిక్కులు కలిసున్నాయమ్మా. చీకట్లో మెల్లగా విడిపోయి తెల్లబడతాయి. వెలుతురు తగిలితే ఎలా ఉన్నది అలాగే గట్టిపడిపోతుంది. సాయంత్రం దాకా కిటికీ తియ్యకు. ఎర్ర వెలుతురైతే ఫరవాలేదు, ఎర్రగుడ్డ చుట్టిన నా టార్చి వాడు. సోమవారం ఇది చూపించకపోతే నా ప్రాజెక్టు ఇంకొకరికి ఇచ్చేస్తారు."

"సరేలేవే," అంది వీరమ్మ.

మధ్యాహ్నం రెబెక్కా తలస్నానం చేసి వచ్చేసరికి కిటికీ బార్లా తీసి ఉంది. ఎండలో గాజు పలక. దాని మీద గంజి పెట్టిన లేసు.

"అమ్మా!" అంటూ కిటికీ రెక్కలు దభాలున మూసింది.

"ఏంటే ఆ కేక? సాయంత్రం లేసు కొనే ఏజెంటు వస్తాడు. లేసు సాపుగా ఆరొద్దా? నీ నల్ల కాగితం మడతపెట్టే ఉంచాను."

"కాగితం ఎవరిక్కావాలి? నా పనంటే నీకు లెక్కేలేదు!"

"నా పనంటే నీకుందా?" వీరమ్మ లేసు చుట్టుకుని బయటికి నడిచింది.

"ప్లాస్టిక్కే కదమ్మా, బజార్లో బోలెడు దొరుకుతుంది," అన్నాడు లాజరు. ఎవరూ నవ్వలేదు. రెబెక్కా అన్నం తినకుండా అరుగు మీద కూర్చుంది.

సాయంత్రం లేసు సూది తెమ్మని వీరమ్మ పంపితే, అక్క ఎర్రగుడ్డ టార్చితో ఎస్తేరు ఆ గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. గాజులో తెల్లటి పువ్వులు. ఎండ పడ్డచోటల్లా తేటగా ఉంది. నూలు నీడ పడ్డచోట మాత్రం పాలలా తెల్లబడింది.

"అక్కా, గాజులో..."

"నువ్వుండవే."

"అమ్మా, నీ లేసు..."

"దాని పేరెత్తకు."

ఎస్తేరుకి ఏడుపొచ్చింది. "ఒక్కసారి వచ్చి చూడక్కా!" అని అరిచింది. ఆ ఇంట్లో ఆ పిల్ల గొంతు అంత పెద్దగా ఎప్పుడూ వినపడలేదు.

ఎస్తేరు చేతిలో టార్చి లాక్కుని రెబెక్కా లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. తరవాత, "అమ్మా, ఆ లేసు పట్టుకురావా," అంది.

వీరమ్మ ముఖం ముడుచుకునే వెళ్లి గాజు మీదికి వంగింది. "ఇది నా పువ్వేనే! ఇదిగో, ఇక్కడ కుట్టు తప్పాను. అదీ పడింది."

"అదీ పడిందమ్మా," అంది రెబెక్కా, కళ్లు తుడుచుకుంటూ. "సోమవారం ఇదే చూపిస్తాను. అంత మాటన్నాను నిన్ను."

"ఏడవకు. గాజు తడుస్తుంది."

చూద్దామని ఎస్తేరు తలుపు తోసి గడపలో కాలు పెట్టింది.

"అది ఇంకా విడిపోతూనే ఉందే, వెలుతురొస్తోంది!" తల్లీ కూతుళ్లు ఒక్కసారే అరిచారు. ఎస్తేరు ముఖం మీదే తలుపు మూసుకుంది.