వంటింటి దాకా

ఎత్తుకుంటానంటూ చేతులు చాపినవాడిని సలోమి ఎగాదిగా చూసింది.

“నేనేమన్నా బియ్యం మూటనా అన్నా?”

జయరాజుకు రెండు దెబ్బలు ఒకేసారి తగిలాయి. మూట అన్న మాట ఒకటి, అన్నా అన్న పిలుపు ఒకటి. రెండోదే ఎక్కువ నొప్పి పెట్టింది.

అది ఎనభై మూడో సంవత్సరం. ఎమ్మిగనూరులో ఒక టీచరుగారి కొత్త ఇంటి ప్రార్థన. చుట్టాలంతా లోపల పాటలు పాడుతున్నారు. సలోమి ఒక్కతే వీధిలో, పందిరి కింద, చక్రాల కుర్చీలో ఉంది. చిన్నప్పుడే పోలియో కాళ్లు పట్టుకుపోయింది. చేతులు మాత్రం చురుకు. చేతి మిషన్ మీద ఆమె కుట్టని గుడ్డంటూ లేదు.

“లోపల కర్టెన్లు నేనే కుట్టినా. ఎట్ల పడినాయో సూద్దామని వస్తి. ఈ ఇల్లు కట్టిన మేస్త్రీ ఎవురో గాని, పునాది నడుమెత్తు లేపినాడు. ఇంటికొచ్చేటోళ్లందరికీ కాళ్లుంటాయని ఆయప్పకు ఎవురు సెప్పినారో!”

“నేనే,” అన్నాడు జయరాజు.

“ఏం నువ్వే?”

“ఆ మేస్త్రీని.”

నాలుక కరుచుకుంటుందనుకున్నాడు. కరుచుకోలేదు.

“అయితే బాగా దొరికినావు,” అని నవ్వింది. ఆదోనిలో పత్తి గోడౌన్లు కట్టి కట్టి మొద్దుబారిన మనిషి ఆ నవ్వుకు అక్కడికక్కడే కూలిపోయాడు.

పాపం, అతని తప్పేముంది? పునాది ఎంత ఎత్తుంటే ఇంటికంత పరువని మా వైపు అందరి లెక్క. ఆ ఎత్తు వల్ల వీధిలోనే ఆగిపోయేవాళ్లు ఎవరి లెక్కలోనూ ఉండరు.

ఆ తర్వాత ప్రతి సంతకూ జయరాజు ఎమ్మిగనూరు బస్సెక్కాడు. చంకలో దిండు గలీబులకు గుడ్డ. కుట్టించుకుని రావడం, మళ్లీ సంతకు మళ్లీ గుడ్డ.

“ఒరేయ్,” అంది తల్లి ఏసమ్మ. “మనింట్లో దిండ్లే రెండు. ఇన్ని గలీబులు ఎవురి తలకాయల కిందికిరా?”

ఒక వానరోజు అతను గుడ్డ లేకుండానే వెళ్లాడు.

“ఈసారి గలీబులకు కాదు. నిన్ను అడిగేదానికి వచ్చినా.”

మిషన్ ఆగింది. చూరు నీళ్ల చప్పుడు మాత్రం ఆగలేదు.

“అడగాల్సింది మా నాయనను.”

“ఆయన సరేనంటే?”

“పిల్లోని ఇల్లు సూసినాకనే కదా ఎవురైనా మాటిచ్చేది. నాయన వస్తాడు. నేనూ వస్తా.”

“పెళ్లికూతురే ఇల్లు సూసేదానికి వస్తాదా? నలుగురూ నవ్వుతారు.”

“నవ్వనీ. మా వీధిలో అందరూ మంచోళ్లే, జయరాజూ. యాడికి పోయినా చాయ్ నా కుర్చీ కాడికే తెచ్చిస్తారు. అయితే ఒక్కరి వంటిల్లూ నేను సూడలే. రేపు మీ ఇంట్లో గూడా నన్ను ఎత్తి లోపల పెట్టి, ఎత్తి బయట పెడితే, నేను మీకు సామానునే గాని మనిషిని కాదు. ఎవురూ చెయ్యి వెయ్యకుండా మీ వంటింటి దాకా పోగలిగితే సరే. లేకుంటే నువ్వంటే ఎంత ఇష్టమున్నా లేదు.”

“ఎంత ఇష్టముంది?”

“ముందు వాలు కట్టు మేస్త్రీ,” అంది, ముఖం గుడ్డలో దాచుకుంటూ.

వాలు కట్టడం జయరాజుకు రాని పనా? ఎన్ని గోడౌన్లకు కట్టలేదు! వారం తిరక్కుండానే వీధి నుంచి గుమ్మానికి నున్నగా సిమెంటు వాలు లేచింది.

సలోమి వచ్చింది. తండ్రి యేసేపు ఆమెను బస్సులోంచి దించి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ చనువు ఆయనొక్కడికే ఇచ్చింది. కుర్చీ వాలు ఎక్కింది, సగంలో ముందు చక్రాలు గాల్లోకి లేచాయి, మొత్తం వెనక్కి జారింది. జయరాజు పరుగెత్తి పట్టుకోబోయాడు.

“తొయ్యొద్దు!”

తానే తమాయించుకుని కిందికి దిగింది. అరచేతులు ఎర్రగా కమిలిపోయాయి.

“ఇది యాడ నేర్చినావు?”

“గోడౌన్ల కాడ.”

“అనుకున్నా. ఇది దూది బేళ్లకు కట్టే వాలు. బేలునైతే కింద నుంచి హమాలీలు తోస్తారు. నన్నెవురు తొయ్యల్ల?”

ఏసమ్మ చాయ్ వీధిలోకే తెచ్చింది. సలోమి తాగి, గ్లాసు చేతికిచ్చి, వచ్చిన బస్సులోనే వెళ్లిపోయింది.

సంతలు వచ్చాయి, పోయాయి. జయరాజు వెళ్లలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్తాడు? ఎమ్మిగనూరు బస్సు హారన్ వినబడితే చాలు, చేతిలో తాపీ ఆగిపోయేది. వాన పడితే మరీ కష్టం. ఆమె లేకుండా ఇక బతకడం తనవల్ల కాదని ఇసుక జల్లెడ పడుతూ తనలో తనే చెప్పుకునేవాడు.

చివరికి మిషన్ ఆసుపత్రిలో బతిమాలి ఒక పాత చక్రాల కుర్చీ తెచ్చుకున్నాడు. తన వాలు మీద తానే ఎక్కబోయాడు. వెనక్కి జారి వీధిలో పడ్డాడు.

“ఏమప్పా, కాళ్లకేమైంది?” అన్నాడు ఎదురింటి ఈరన్న.

“కాళ్లకేం కాలేదు. బుద్ధికే.”

చేతులు బొబ్బలెక్కేదాకా ఊరి వీధుల్లో ఎగుడూ దిగుడూ తిరిగాడు. ఏ ఎత్తు ఎక్కగలుగుతాడో, ఏది ఎక్కలేడో భుజాలే చెప్పాయి. వాలు బాగా పొడుగుండాలి. ఇంటి ముందు అంత చోటు లేదు. గోడ వెంబడి పోవాలంటే అడ్డంగా అరుగు ఉంది. సాయంత్రమైతే ఏసమ్మ వీధి వీధినంతా పలకరించే అరుగు.

అడగలేక తల్లి చుట్టూ తచ్చాడాడు.

“తీసేయ్‌రా,” అంది ఆమే, బియ్యంలో రాళ్లు ఏరుతూ.

“అమ్మా, నువ్వు యాడ కూసుంటావు?”

“ఆ పిల్లకు వీధిలో చాయ్ ఇచ్చి పంపిన రోజు నుంచి దాని మీద కూసుంటే నాకు సయించడంలేదు. గడప గూడా చెక్కేయ్. తలుపు సన్నమైతే అదీ మార్చు.”

కొత్త వాలు లేచాక ఎమ్మిగనూరుకు కబురు పెట్టాడు. మళ్లీ సలోమి వచ్చిన రోజు మబ్బు పట్టింది. జయరాజు వీధిలోనే నిలబడ్డాడు. చేతులు తనకు తెలియకుండా ముందుకు పోతాయేమోనని వెనక్కి కట్టుకున్నాడు. కుర్చీ గోడ వెంబడి మెల్లగా కదిలింది. మధ్యలో ఆగింది. సలోమి ఊపిరి తీసుకుని మళ్లీ తిప్పింది. గుమ్మం దాటింది. లోపల చీకట్లో ఆమె జడ కూడా కనిపించకుండా పోయింది.

వాన మొదలైంది. యేసేపు ఈరన్న ఇంటి పంచలోకి వెళ్లాడు. జయరాజు కదల్లేదు. లోపలినుంచి గిన్నెల చప్పుడు, ఏసమ్మ ఏదో అనడం, ఇద్దరు ఆడవాళ్ల నవ్వు వినిపించాయి. వాళ్లు అతణ్ని మరిచిపోయినట్టున్నారు.

ఎంతసేపటికో కుర్చీ గుమ్మంలోకి వచ్చింది. సలోమి ఒడిలో చాయ్ గ్లాసుల పళ్లెం.

“ఏందప్పా, వానలో ఆడనే నిలబడినావు?” అంది. “లోపలికి రా. మనిల్లే.”