చెల్లెలి సంతకం

కాంతమణి టీచర్ మొదటి రోజే నా మీద కోపం తెచ్చుకుంది. అప్పటికి పోలీస్ యాక్షన్ అయి పది నెలలు. రెజిమెంటల్ బజార్‌లో మేడమీద గది తీసుకుని, 'జ్ఞానశేఖర్, వకీలు' అని కొత్తగా బోర్డు పెట్టుకున్నాను.

మిషన్ స్కూలువాళ్లు క్వార్టర్ నెలాఖరుకు ఖాళీ చేయమన్నారట. వెనక సందులో ఖాదర్ సాహెబ్ ఇల్లు కొందామనుకుంది. కాగితాలు ఉర్దూలో ఉన్నాయి, చదివిపెడితే చాలంది.

చదివాను. ఇల్లు ఖాదర్ సాహెబ్ తండ్రిది. చెల్లెలికీ అందులో వాటా ఉంది, ఆమె సంతకం మాత్రం లేదు. అది వచ్చేదాకా కొనవద్దన్నాను.

"చదువుమన్న గానీ, ఇల్లు వద్దని చెప్పుమన్ననా? మా అమ్మను తీస్కొని యాడికి పోవాలె?"

"రేపు ఆ చెల్లెలొచ్చి తలుపు కొడితే యాడికి పోతరు?"

గొడుగు తీసుకుని దబదబా మెట్లు దిగిపోయింది. నిజం చెప్పొద్దూ, ఆ కోపం నాకు భలే నచ్చింది.

ఖాదర్ సాహెబ్ మంచివాడే. చెల్లెలికి పెళ్లిలో అన్నీ ఇచ్చాం, మళ్లీ అడిగేదేముందనుకున్నాడు. ఆమె కాప్రాలో ఉంటుంది, పరదా పాటిస్తుంది. నేను లోపలికి పోలేను కాబట్టి కాంతమణినే బతిమాలుకున్నాను. ఆదివారం చర్చి అయ్యాక ఆమె, వాళ్లమ్మ రోసమ్మగారు, నేను టాంగా ఎక్కాం. దారంతా ఒకటే వాన.

వాళ్లు లోపల గంట కూర్చున్నారు. నేను చూరు కింద సగం తడిశాను. కాంతమణి సంతకంతో బయటికొచ్చింది. అమ్మకానికున్న ఇంటి పెరట్లో వాళ్ల తల్లి నాటిన గోరింట చెట్టుందట. అప్పుడప్పుడొచ్చి ఆకు కోసుకోనిస్తే చాలు, ఇంకేమీ వద్దందట ఆ చెల్లెలు. చెబుతుంటే కాంతమణి కళ్లు చెమర్చాయి. అక్కడే ఆమెను ప్రేమించేశాను.

తిరుగుదారిలో బేగంపేట వైపు మబ్బు విడుస్తుండగా కాంతమణి అడిగింది.

"వకీల్ సాబ్, మీ మీద ఎవరికన్న హక్కున్నదా?"

"లేదు. కావాలంటే విచారించుకోండి."

రోసమ్మగారు వెనక్కి తిరగకుండానే అన్నారు. "మీ అమ్మ సంతకం ఉండాలె గద బిడ్డా. వచ్చే ఆదివారం తోల్కరా."

మా అమ్మ వచ్చింది, ఒప్పుకుంది. నెలాఖరులోపే ఇంటి రిజిస్ట్రేషన్ అయింది. డిసెంబరులో గోరింటాకు కోసుకోవడానికి ఖాదర్ సాహెబ్ చెల్లెలు వచ్చింది. పెళ్లికూతురి చేతులకు ఆమే పెట్టింది.